సమస్య: వాన చుక్క లేక వంక పారె

కర్నూలు (నిర్వహణ; మాట్లాడేవాళ్లకు ఊరి పేర్లే గుర్తు): ఆటవెలది అనే ఛందస్సులో నాలుగో పాదమిది, ముందు మూడు పాదాలు రాసి పూరించండి. ఐదూ సూర్యగణాలు (గురువు-లఘువు లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) వా–వం. పైకి కనబడే విరోధం పూరణలో విడిపోవాలి. విడిపోకుంటే అది విరోధాభాసం కాదు, ఉత్త విరోధమే. వాడిన అలంకారం పేరు కూడా రాయండి.

తాడిపత్రి: విరోధాభాసం.

నంది గిరుల మీద నల్లని మబ్బులు
కురిసి పెన్న నింపి కొసరి పంప
నెండు సీమ లోన నిదియేమి వింతయో
వాన చుక్క లేక వంక పారె

కర్నూలు: వాన అక్కడ, పారడం ఇక్కడ. విరోధం విడిపోయింది. పెన్న పుట్టింది నంది కొండల్లోనే, అదీ సరే. కానీ పెన్నను వంక (చిన్న వాగు) అని ఎవరంటారన్నా? వంక పోయి ఏట్లో కలుస్తుంది గానీ ఏరొచ్చి వంకకెక్కదు.

ఆదోని: ఉత్ప్రేక్ష.

బుడ్డ చేని లోన బువ్వకై వంగిన
కూలి తల్లి నుదుటి కోన నుండి
చెమట ధార లుఱికెఁ జిత్రంబు కాదయ్య
వాన చుక్క లేక వంక పారె

కర్నూలు: పద్యం బాగుందమ్మా, పేరే తప్పు. ‘చెమట వంకలా పారింది’ అంటే ఉపమ: ఉపమేయం చెమట, ఉపమానం వంక, సమానధర్మం పారడం, ఉపమావాచకం ‘లా’. ‘చెమట వంక’ అని రెంటినీ ఒకటి చేస్తే రూపకం. ‘వంక పారుతోందా అన్నట్టు’ అంటే ఊహ, అప్పుడే ఉత్ప్రేక్ష. మీరు చెమటను వదిలేసి వంకనే చెప్పారు. అది రూపకాతిశయోక్తి.

ఆదోని: మూడో పాదంలో చెమట ఉంది కదండీ?

కర్నూలు: ఆ వాక్యం ‘ఉఱికె’తో అయిపోయింది, నాలుగో పాదం వేరే వాక్యం. ఇంకొకటి, ‘నుదుటి కోన’ అంటే నుదుటి అంచు అనుకునే ప్రమాదముంది. ‘నుదురు కోన’ అనండి, నుదురే కోన (కొండలోయ) అని రూపకం కుదురుతుంది. మూడు లఘువులే కాబట్టి గణం చెడదు.

ప్రొద్దుటూరు: శ్లేష.

అప్పు దీర్చు మనుచు నడుగఁగా నొకనాఁడు
తెలివి నొక్క రైతు తిరిగి చూచి
చేయి చూపి పలికెను చేనెండె నోమామ
వాన చుక్క లేక వంక పారె

కర్నూలు: భలే విరిచారు! చేనెండింది వాన చుక్క లేక. పారింది వంక, అంటే సాకు. పాచిక పారినట్టే. వంకకూ పారడానికీ రెండేసి అర్థాలు అతికాయి. అయితే ‘పలికెను’ నాలుగు లఘువులు, అంటే నలము. అది ఇంద్రగణం, సూర్యగణం ఉండాల్సిన మూడోచోట చెల్లదు. ‘పలికెఁ జేనెండె’ అంటే సరి. ‘ఒకనాఁడు’ ఉత్త పాదపూరణం, పాదం నింపడానికి వేసిన మాట. పైగా ఈ మామ ఎవరో ముందు చెప్పనే లేదు.

ప్రొద్దుటూరు: మొదటి పాదం ఇట్లా మారిస్తే రెండూ తీరుతాయి: ‘అప్పు దీర్చు మనుచు నడుగంగ మామయ్య’.