సీబీఆర్‌టీ ఉంది, కాన్ఫిగరేమో లేదంటోంది

రాత్రిబిల్డ్: కాన్ఫిగర్ (బిల్డ్‌కి ముందు ఏ ఫంక్షన్లు ఉన్నాయో చూసే స్క్రిప్ట్) రన్ చేస్తే సీబీఆర్‌టీ (ఘనమూలం ఫంక్షన్) లేదు, సైన్‌బిట్ (సంఖ్య గుర్తు మైనసా అని చెప్పేది) లేదు అంటోంది. అదే లైనక్స్ మెషీన్‌లో చేత్తో నాలుగు లైన్లు రాసి జీసీసీ కంపైలర్‌కి ఇస్తే 27కి సీబీఆర్‌టీ 3 అని చక్కగా చూపిస్తోంది. ఈ కోడ్ విండోస్‌లో కూడా కంపైల్ కావాలి. మీరంతా ఎలా చెక్ చేస్తున్నారు?

లింకర్‌మామ: ఎల్ఎం (మ్యాథ్ లైబ్రరీని కలిపే ఆప్షన్) ఇచ్చావా? కాన్ఫిగర్ చేసేదల్లా ఆ ఫంక్షన్ పేరుతో ఒక బుల్లి ప్రోగ్రాం లింక్ అవుతుందా అని చూడటమే. ముందు ఏసీ సెర్చ్ లిబ్స్ (ఫంక్షన్ ఏ లైబ్రరీలో ఉందో వెతికేది) పెట్టు, చెక్ ఫంక్స్ (ఫంక్షన్ ఉందా అని చూసేది) ఆ తర్వాతే.

సున్నాభాగహారం: ఇచ్చినా ఎక్కడ ఇచ్చావన్నది చూసుకో. నేను ఎల్‌డీఫ్లాగ్స్ వేరియబుల్‌లో పెట్టి రెండు రోజులు జుట్టు పీక్కున్నా. సోర్స్ ఫైల్ కంటే ముందే లైబ్రరీ వస్తే, కొన్ని డిస్ట్రోల్లో లింకర్ దాన్ని అక్కర్లేదనుకుని వదిలేస్తుంది. సోర్స్ తర్వాత వచ్చే లిబ్స్ వేరియబుల్‌లో పెట్టాలి.

సీమేక్‌వీరుడు: ఇంకా ఆ కాన్ఫిగర్‌ని తయారుచేసే ఆటోకాన్ఫేనా? సీమేక్ అనే ఇంకో బిల్డ్ టూల్‌కి రండి బాబూ.

లింకర్‌మామ: వచ్చాం, చూశాం. అక్కడ ఒకసారి లేదని తేలితే అది క్యాష్‌లో తిష్ఠ వేస్తుంది. తర్వాత లైబ్రరీ కలిపినా మళ్లీ చెక్ చేయదు. ఆ సంగతి చెప్పవేం?

సీమేక్‌వీరుడు: క్యాష్ ఫైల్ తీసేయడం కూడా చేతకాకపోతే నేనేం చెయ్యను?

డబుల్‌ట్రబుల్: రాత్రిబిల్డ్, నీ నాలుగు లైన్లలో 27.0 అని నేరుగా రాశావు కదూ? జీసీసీ కంపైల్ చేసేటప్పుడే 3 అని లెక్కకట్టేసింది. లైబ్రరీ గడప తొక్కనే లేదు.

లింకర్‌మామ: ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటేనే అలా చేస్తుంది. 20 ఏళ్లుగా కంపైలర్లతోనే కాపురం చేస్తున్నా, నాకు చెప్పకండి.

రాత్రిబిల్డ్: మామా, ఓ0 (ఆప్టిమైజేషన్ ఆఫ్) పెట్టి, ఎల్ఎం తీసేసి చూశా. లింక్ అయింది! 27.0ని వోలటైల్ (ముందే లెక్కకట్టొద్దని కంపైలర్‌కి చెప్పే) వేరియబుల్‌లో పెట్టగానే 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు సీబీఆర్‌టీ' అని వచ్చింది.

లింకర్‌మామ: నీ జీసీసీ వెర్షన్ ఎంత?

డబుల్‌ట్రబుల్: హమ్మయ్య, తప్పు ఇప్పుడు వెర్షన్ మీదకి పోయింది.

మస్ల్‌భక్తుడు: మా మస్ల్ అనే సీ లైబ్రరీలో ఈ తలనొప్పే లేదు. మ్యాథ్ అంతా లిబ్‌సీలోనే ఉంటుంది, లిబ్ఎం అనే మ్యాథ్ లైబ్రరీ ఖాళీ డబ్బా.

సున్నాభాగహారం: సైన్‌బిట్‌ని ఎవరూ పట్టించుకోలేదు. సీ99 స్టాండర్డ్‌లో అది మాక్రో (కంపైల్‌కి ముందే వేరే కోడ్‌గా మారిపోయే పేరు), లింకర్‌కి ఆ పేరే కనపడదు. మ్యాథ్ హెడర్ కలిపి, నిజంగా వాడి చూసే టెస్ట్ రాసుకో. విండోస్ అంటావా, విజువల్ స్టూడియో 2013 నుంచి రెండూ ఉన్నాయి.

పాతసర్వర్: నాకు చెక్‌లన్నీ ఎస్ వచ్చాయి. తీరా కొత్త మెషీన్‌లో బిల్డ్ చేసింది పాత సర్వర్‌లో పెడితే 'గ్లిబ్‌సీ 2.29 నాట్ ఫౌండ్' (అక్కడి సీ లైబ్రరీ వెర్షన్ పాతదని). అంతా ఒక్క పవ్ (ఘాతం లెక్కకట్టే) ఫంక్షన్ వల్ల. దీన్ని కాన్ఫిగర్ ఎలా పట్టుకుంటుంది?

సీమేక్‌వీరుడు: పాత మెషీన్‌లోనే బిల్డ్ చెయ్యి.

పాతసర్వర్: దాంట్లో నీ సీమేక్ ఎక్కట్లేదు.

రాత్రిబిల్డ్: లిబ్స్‌లో పెట్టా, సీబీఆర్‌టీ ఎస్ అంది. సైన్‌బిట్ పని రేపు పడతా.