2001 హోండా సిటీ వీటెక్: ట్రాక్ కోసం బరువు తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: పటమట, విజయవాడ

మిత్రులందరికీ నమస్కారం. మా బాబాయి గారు 2001లో కొత్తగా కొనుక్కున్న హోండా సిటీ 1.5 వీటెక్ కారు, ఆయన చూపు మందగించి నడపడం మానేసిన నాటి నుంచి, అంటే దాదాపు ఆరేళ్ళుగా, యనమలకుదురులో ఒక రేకుల షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. మొన్న ఉగాది నాడు ఆయన తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "దీన్ని పాత ఇనుముకు మాత్రం వెయ్యకురా" అని ఒక్క మాట అన్నారు. 1493 సీసీ ఇంజను, 106 హార్స్‌పవర్, చేత్తో మార్చే గేర్లు. చిన్నప్పుడు దీని ముందు సీటులో కూర్చుని బందరు రోడ్డు మీద ఆ ఇంజను గొంతు మారడం విన్నప్పటి నుంచి నాకు ఈ కారంటే ప్రాణం.

దీన్ని రోజువారీ వాడకానికి కాకుండా, ఏడాదికి మూడు నాలుగు సార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకువెళ్ళి మనసారా నడుపుకోవడానికి సిద్ధం చేయాలన్నది నా కోరిక. పోటీలలో పాల్గొనే ఉద్దేశం లేదు. ఇంజను బిగుసుకుపోలేదు, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొద్ది తేడాతో సమానంగానే ఉంది. ఆటోనగర్‌లో లారీల కాటా మీద తూయిస్తే మొత్తం 1,020 కిలోలు వచ్చింది. ముందు చక్రాలను మాత్రమే కాటా మీద నిలిపినప్పుడు 630 కిలోలు చూపించింది.

నాకు తెలిసిన టింకరింగ్ మేస్త్రి ఒకాయన వెనక సీటు, కార్పెట్లు, చప్పుడు తగ్గడానికి నేలకు అంటించిన తారు షీట్లు, ఏసీ, స్టెప్నీ అన్నీ తీసేసి, ఫైబరు బానెట్ పెట్టి, తలుపుల లోపల అడ్డంగా ఉండే ఇనుప దూలాలను కూడా కోసేస్తే రెండు వందల కిలోలు తగ్గుతుందని చెబుతున్నారు. నా దగ్గర రెండున్నర లక్షలు ఉన్నాయి. ఆయన చెప్పినదంతా చేయవచ్చా? ఏ పని ముందు, ఏ పని తర్వాత? ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

బాబూ, నేను ముప్పై ఏళ్ళు ఆటోమొబైల్ పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. విద్యార్థులతో కలిసి ఇలాంటి పాత కార్లు రెండింటిని పూర్తిగా విప్పి, బాగుచేసి, మళ్ళీ కట్టాను. కారును తూయించిన తర్వాతే ప్రశ్న అడిగారు చూడండి, అది నాకు ఎంతో నచ్చింది. చాలామంది ఎంత తగ్గించారో మాత్రమే చెబుతారు కానీ ఎంత నుంచి తగ్గించారో వారికే తెలియదు.

బరువు సంగతికి ముందు ఒక మాట అడగాలి. యనమలకుదురు కృష్ణ కరకట్ట పక్కనే ఉన్న ఊరు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు ఆ షెడ్డులోకి నీరు వచ్చిందా? అటు బుడమేరు ముంచెత్తిన సింగ్‌నగర్ కార్ల గురించి అందరికీ తెలుసు కాబట్టి వాటిని జాగ్రత్తగానే చూస్తారు, కానీ నదివైపు లోతట్టు షెడ్లలో ఉండిపోయిన బండ్లను ఎవరూ పట్టించుకోలేదు. వరద నీరు తీసిపోయినా ఒండ్రు పోదు. అది తలుపుల కింద పొడవునా ఉండే రన్నింగ్ బోర్డుల లోపల, నీరు కారడానికి పెట్టిన రంధ్రాలను మూసేసి, తడిని పట్టుకుని కూర్చుంటుంది. పైన రంగు మెరుస్తూ ఉండగానే లోపలి నుంచి రేకు తినేస్తుంది. ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి రన్నింగ్ బోర్డుల వెంట, వెనక చక్రాల తోరణాల వెంట, స్టెప్నీ గుంట చుట్టూ నడిపించండి. అది పట్టని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

ఇలాంటి కారులో విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ట్రాక్ మీద మలుపులో టైర్లు పుట్టించే బలమంతా ఆ రేకుల గుండానే పోవాలి. రన్నింగ్ బోర్డు తుప్పుపట్టిన కారులో బరువు తగ్గించడమంటే, చెదపట్టిన దూలాన్ని వదిలేసి పెంకులు మార్చడమే. కుళ్ళిన రేకును మంచి రేకు వచ్చేదాకా కోయించి, అదే మందం కొత్త రేకును సీఓటూ వెల్డింగుతో పెట్టించండి. గ్యాస్ వెల్డింగు వేడికి ఇంత పల్చటి రేకు వంకర్లు పోతుంది. లారీ బాడీల పనిలో చేయి తిరిగినవారైనా ఈ ఒక్క విషయంలో మీరు పక్కనే నిలబడి చూసుకోవాలి. పని పూర్తయ్యాక లోపలి బోలుగా ఉన్న చోట్ల మైనపు పూత కొట్టించడం మరిచిపోవద్దు.

ఇప్పుడు బరువు. మీ లెక్క ప్రకారం ముందు 630, వెనక 390, అంటే ముందు ఇరుసు మీద దాదాపు 62 శాతం. ముందు చక్రాలు లాగే కారుకు ఇది సహజమే. మేస్త్రి గారు చెప్పినవాటిలో వెనక సీటు, స్టెప్నీ, జాకీ, వెనక కార్పెట్లు, తారు షీట్లు అన్నీ వెనక భాగంలోనివే. మాటవరసకు వెనక నుంచి 70 కిలోలు, ముందు నుంచి 25 కిలోలు తీశారనుకుంటే 605, 320 మిగులుతాయి. ముందు భాగం 65 శాతం దాటిపోతుంది. మొత్తం తేలికైన మాట నిజమే, కానీ వెనక భాగం మరీ తేలికైపోయి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని కారు తోక తిరిగే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ముందు నుంచి తీసిన ఒక కిలో, వెనక నుంచి తీసిన రెండు కిలోల కంటే విలువైనదని నేను అంటాను. ఏసీ కంప్రెసరు, కండెన్సరు రెండూ ముక్కు దగ్గరే ఉంటాయి. తీయదలచుకుంటే అవే ముందు తీయండి, అందులోని గ్యాసును గాలిలోకి వదలకుండా యంత్రంతో లాగించండి. బ్యాటరీని డిక్కీలోకి మార్చి, గట్టిగా బిగించి, దాని వైరుకు అక్కడే ఫ్యూజు పెట్టించండి. ఫైబరు బానెట్ కూడా ముందు బరువే కాబట్టి మంచిదే, కానీ దానికి రెండు వైపులా పిన్నులు లేకపోతే వేగంలో లేచి అద్దం మీద పడుతుంది.

తలుపుల దూలాలను ముట్టుకోవద్దు. పక్క నుంచి దెబ్బ తగిలితే మీకూ దానికీ మధ్య ఉండేది అదొక్కటే. వాటి వల్ల తగ్గే నాలుగైదు కిలోలు మీరు సన్నబడినా తగ్గుతాయి.

లారీల కాటా ఐదు పది కిలోల తేడాలను చూపించదు. మా గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే ఎలక్ట్రానిక్ కాటాలు మీరు చూసే ఉంటారు. అలాంటివి నాలుగు, ఒక్కొక్కటి 500 కిలోలు మోసేవి అద్దెకు తెచ్చి, తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టంతో నాలుగింటినీ ఒకే మట్టానికి తెచ్చి, కారును వాటి మీదికి ఎక్కించి, డ్రైవరు సీటులో మీరు కూర్చుంటే ఏ చక్రం మీద ఎంత భారం ఉందో విడివిడిగా తెలుస్తుంది. మా విద్యార్థులతో ఇలాగే చేశాం. ఒక మధ్యాహ్నం పని. తీసిన ప్రతి వస్తువునూ తూచి పుస్తకంలో రాసుకోండి.

జవాబు: గుణదల, విజయవాడ

గురువుగారు చెప్పిన దానికి నేను కలపవలసింది బ్రేకుల గురించే, ఎందుకంటే ఆ పాఠం నేను ట్రాక్ మీదే నేర్చుకున్నాను. నాది పాత ఫియట్ పాలియో 1.6 కారు. సుమారు వంద కిలోలు తగ్గించాను, కొత్త టైర్లు వేశాను, బ్రేకు ఫ్లూయిడ్ (పెడలు నొక్కిన బలాన్ని చక్రాల దాకా చేర్చే ద్రవం) మాత్రం మార్చలేదు. నాలుగో ల్యాపులో మెయిన్ స్ట్రెయిట్ చివర పెడలు నొక్కితే అది మెత్తగా నేల దాకా వెళ్ళిపోయింది. గేర్లు దించుకుంటూ మట్టిలోకి పోయి ఆగాను; ఎవరికీ ఏమీ కాలేదు.

కారణం చాలా మామూలుది. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. ట్రాక్ మీద కాలిపర్ల (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాల) వేడికి ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడితే, మీ కాలి బలం ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. కృష్ణ ఒడ్డున ఆరేళ్ళు నిలబడిన కారులోని ఫ్లూయిడ్ ఎంత తేమ తాగి ఉంటుందో ఆలోచించండి. మాస్టరు సిలిండరు, కాలిపర్ల సీళ్ళు, వెనక డ్రమ్ముల వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి వేయించి, డాట్ 4 పోయించి, ప్రతి ట్రాక్ రోజుకు ముందు మార్పించండి. ప్యాడ్లు కూడా వేడిని తట్టుకునేవి కావాలి.

ఇక్కడే బరువు తగ్గింపు అసలు ప్రయోజనం తెలుస్తుంది. కారు ఆగడానికి బ్రేకులు మింగవలసిన శక్తి బరువుకు అనులోమంగా ఉంటుంది. మీతో కలిపి 1,100 కిలోలున్న కారు నుంచి 110 కిలోలు తీస్తే ప్రతి మలుపు దగ్గరా బ్రేకులకు చేరే వేడి పదో వంతు తగ్గుతుంది. ఇంజను శక్తి పెంచితే ఇది దొరకదు సరికదా, వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే ఇంజను జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, హోసులు, రేడియేటరు కొత్తవి వేస్తే చాలు. బెల్టు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది కాదు, దాని వయసు చూడండి. మన మెకానిక్కులు చాలామంది "ఎండల ప్రాంతం కదా" అని థర్మోస్టాట్ వాల్వును, అంటే ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వని మూతను, తీసి పారేస్తారు. తీయనివ్వకండి. అది లేకపోతే ఇంజను తగినంత వేడెక్కక, ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

టైర్ల పక్కన నాలుగంకెల సంఖ్య చూడండి. 1718 అని ఉంటే అది 2018లో పదిహేడో వారంలో తయారైనది. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరును ట్రాక్ మీదికి తీసుకువెళ్ళవద్దు.

రోల్ కేజ్ (కారు పల్టీ కొడితే లోపలివారిని కాపాడే ఉక్కు గొట్టాల చట్రం) గురించి మీరు అడగలేదు కానీ, లోపలంతా విప్పాక ఎవరో ఒకరు తప్పక చెబుతారు. కేజ్ పెట్టించేటట్లయితే అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య (ఎఫ్ఐఏ) నిబంధనలలో ఉన్న కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ (చల్లగా లాగి చేసిన, అతుకు లేని) ఉక్కు గొట్టమే వాడాలి; డ్రైవరు వెనక ఉండే ప్రధాన తోరణానికి 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం, లేదా 50, 2.0. అతుకున్న మామూలు పైపుతో కట్టిన కేజ్, పల్టీ కొట్టినప్పుడు అతుకు దగ్గరే విడిపోవచ్చు. ఇంకొక విషయం, కేజ్ ఉన్న కారును హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడపకూడదు. చిన్న గుద్దుకే తల ఆ గొట్టానికి తగులుతుంది. ఏడాదికి మూడు సార్లు, పోటీ లేకుండా అయితే, ఈ మొదటి ఏడాది మంచి సీటు, మంచి హెల్మెట్, కంపెనీ వేసిన మూడు చివరల బెల్టు, కాళ్ళ దగ్గర అగ్నిమాపక సిలిండరు చాలని నా అభిప్రాయం.

జవాబు: గవర్నరుపేట, విజయవాడ

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది, ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. మీది 2001 బండి కాబట్టి 2016లోనూ 2021లోనూ పొడిగించారో లేదో ముందు చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఈ విషయాన్నే స్పష్టం చేసింది. రోడ్డు మీద తిరగాలంటే అన్నీ యథాతథంగా ఉంచి రెన్యువల్ చేయించండి; ట్రాక్‌కే పరిమితమైతే ఒంగోలు, నెల్లూరు మీదుగా సుమారు 450 కిలోమీటర్లు క్యారియరు బండి మీద తీసుకువెళ్ళండి. రెండూ ఒకే కారుతో కావాలనుకుంటే ఏదో ఒక చోట ఇబ్బంది పడతారు.

పటమట నుంచి మళ్ళీ

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. గురువుగారి అనుమానం నిజమైంది. షెడ్డు యజమానిని అడిగితే 2024లో నీరు మోకాలి లోతున రెండు రోజులు ఉందని, మా బాబాయి గారికి చెప్పడానికి మొహమాటపడ్డానని అన్నారు. నిన్న ఆదివారం సీట్లు, కార్పెట్లు విప్పాం. ఎడమ రన్నింగ్ బోర్డు మీద జానెడు పొడవున అయస్కాంతం పట్టలేదు. అక్కడ కోయించి చూస్తే లోపల ఒండ్రు గట్టిపడి ఇటుకలా ఉంది. రెండు వైపులా తీసి ఆరబెట్టి తూచితే నాలుగు కిలోల రెండు వందల గ్రాములు వచ్చింది. పుస్తకంలో మొదటి పంక్తిగా అదే రాశాను.

రిజిస్ట్రేషన్ 2021తో ముగిసింది, ఆ తర్వాత పొడిగించలేదు. ఇంట్లో మాట్లాడుకుని, దీన్ని క్యారియరు మీదే తీసుకువెళ్ళాలని నిర్ణయించుకున్నాం. కాబట్టి ఏసీ తీసేస్తున్నాను, దూలాలు అలాగే ఉంటాయి, కేజ్ ఈ ఏడాదికి లేదు. ఉన్న డబ్బులో ముందు రేకు పని, తర్వాత బ్రేకులు, కూలింగు, టైర్లు. ఫైబరు బానెట్ మిగిలితేనే.

ఒక్క సందేహం మిగిలింది. తారు షీట్లను డ్రై ఐస్ పరిచి పెళుసెక్కించి సుత్తితో కొడితే తేలికగా ఊడతాయని చదివాను. హీట్ గన్నుతో గీకడం కంటే అది మేలా?

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

మేలే బాబూ, అది మైనస్ 78 డిగ్రీల చలి కాబట్టి షీటు గాజులా పగులుతుంది, రేకుకు వేడి తగలదు. కానీ అది కరిగి నీరు కాకుండా నేరుగా కార్బన్ డయాక్సైడ్ గ్యాసుగా మారి, బరువైనది కావడం వల్ల కారు నేల మీదే పేరుకుంటుంది. నాలుగు తలుపులూ డిక్కీ తెరిచి, షెడ్డు బయటికి తోసి, మందమైన చేతి తొడుగులు వేసుకుని, తల లోపల పెట్టి వంగకుండా, ఇద్దరు ఉండగా చేయండి. ఎడమవైపు రేకు అతికించాకే ఆ పని పెట్టుకోండి, లేకపోతే సుత్తి దెబ్బలకు కుళ్ళిన చోటు ఇంకా చీలుతుంది. ముందు వెల్డింగు పూర్తి చేసి, మైనం కొట్టకముందే ఒక ఫోటో పెట్టండి, అతుకు ఎలా కుదిరిందో చూసి చెబుతాను.