బేరింగ్ మార్పించిన తరువాత ఏబీఎస్ దీపం వెలుగుతోంది: మాడ్యూల్ పోయిందంటే నమ్మవచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుండి)

నమస్కారం. మా ఇంట్లో ఉన్నది 2011 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఇప్పటికి 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు ఎడమ చక్రం దగ్గర హోరుమని శబ్దం వస్తుండడంతో మూడు వారాల క్రితం ఆ బేరింగ్ మార్పించాను. హోరు పోయింది గాని, మరుసటి రోజు నర్సంపేటకు బయలుదేరి గొర్రెకుంట చేరకముందే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) దీపం వెలిగింది. తాళం తిప్పగానే వెలిగి మూడు నాలుగు సెకన్లలో ఆరిపోతుంది. బండి కదిలి 20 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి మళ్లీ వెలిగి, ఇంజను ఆపేదాకా అలాగే ఉంటుంది. ఎర్ర బ్రేకు దీపం వెలగడం లేదు, బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి.

బేరింగుకూ దీనికీ సంబంధం లేదని, పాత బండి కాబట్టి ఏబీఎస్ మాడ్యూల్ (దాన్ని నడిపే కంప్యూటర్ పెట్టె) పోయి ఉంటుందని, సెకండ్ హ్యాండుదైనా 18 వేలు అవుతుందని మెకానిక్ అంటున్నారు. ఫోనుకు కలిపే చిన్న స్కానర్ పెట్టి చూస్తే ఏ తప్పూ చూపలేదు. ఏం చేయమంటారు? ఈలోగా బండి నడపవచ్చా?

సమాధానం (కాజీపేట నుండి)

ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. పసుపు దీపం ఒక్కటే వెలుగుతుంటే మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు మాత్రమే ఆగిపోతుంది. వాన పడి నున్నగా ఉన్న రోడ్డు మీద ఆ తేడా బాగా తెలుస్తుంది కాబట్టి ముందు బండికి దూరం పాటించి, నిదానంగా నడపండి. దానితో పాటు ఎర్ర దీపం కూడా వెలిగిన రోజున మాత్రం బండిని పక్కకు ఆపి, బ్రేక్ ఆయిల్ ఎంత ఉందో చూడకుండా కదలకండి.

ఇక మాడ్యూల్ సంగతి. దీపం ఎప్పుడు వెలుగుతోందన్నదే ఇక్కడ అసలు సాక్ష్యం. తాళం తిప్పగానే మాడ్యూల్ తనను తాను పరీక్షించుకుంటుంది. అందులో గాని, పంపులో గాని, ఫ్యూజులో గాని లోపం ఉంటే దీపం చాలావరకు మొదటి నుండీ ఆరకుండా ఉంటుంది, లేదా బండి కదిలీ కదలగానే వెలుగుతుంది. మీ బండిలో దీపం ఆరిపోయి, వేగం అందుకున్నాక వెలుగుతోంది. అంటే మూడు చక్రాలు తిరుగుతున్నట్టు, ఒకటి ఆగి ఉన్నట్టు మాడ్యూలుకు కనిపిస్తోందని నా అనుమానం. చేయి పెట్టిన చక్రం ఎడమది, దీపం వెలిగింది ఆ మరుసటి రోజు. ఆ రెంటికీ సంబంధం లేదనడం నాకు మింగుడు పడలేదు.

అలాంటి చిన్న స్కానర్లు చాలావరకు ఇంజను లోపాల కోడ్లు మాత్రమే చదువుతాయి. ఏబీఎస్ కోడ్లు ‘సి’ అక్షరంతో మొదలవుతాయి. వాటిని చదవగల పెద్ద స్కానర్ ఉన్న చోటుకు వెళ్లి, కోడుతో సరిపెట్టకుండా, నాలుగు చక్రాల వేగాన్ని తెర మీద విడివిడిగా చూపించమని అడగండి. దానికయ్యే ఖర్చు మాడ్యూల్ ధరలో పిసరంత. ఎడమ చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్ మొన మీద ఇనుప రజను పేరుకున్నదేమో కూడా విప్పి చూడమనండి. పాత బేరింగ్ అరిగినప్పుడు ఆ రజను అక్కడే చేరుతుంది.

సమాధానం (కరీంనగర్ నుండి, ఆటో ఎలక్ట్రీషియన్)

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలచుకున్నాను. చాలామంది సెన్సర్ కప్లర్ (వైరు కలిసే చోటు) ఊడదీసి, మల్టీమీటరుతో ఓమ్స్ (విద్యుత్ నిరోధం) చూసి, రీడింగు రాకపోతే సెన్సర్ పోయిందని తేల్చేస్తారు. ఆ పరీక్ష పాత రకం సెన్సరుకే చెల్లుతుంది: లోపల తీగచుట్ట ఉంటుంది, సాధారణంగా వెయ్యి ఓమ్స్‌కు అటూ ఇటూగా చూపుతుంది, చక్రాన్ని చేత్తో తిప్పితే ఏసీ వోల్టేజీ పుడుతుంది. కొత్త రకంలో తీగలు రెండే ఉన్నా లోపల చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది మాడ్యూల్ పంపే కరెంటుతో నడుస్తూ 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుతూ సంకేతం ఇస్తుంది. దానికి ఓమ్స్ చూడడం వల్ల ఏమీ తేలదు. మంచి సెన్సరును చెత్తబుట్టలో పడేసి కొత్తది కొనిపించిన సందర్భాలు నా దగ్గరికే వచ్చాయి.

అందుకని ముందు మీ బండిలో ఏ రకం ఉందో చూడాలి. డ్రైవ్ షాఫ్ట్ చివర పళ్ల చక్రంలాంటి టోన్ రింగు కనిపిస్తే చాలావరకు పాత రకం. పళ్లేమీ కనిపించకపోతే, బేరింగ్ సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉండి ఉండవచ్చు. అలాంటి బేరింగుకు రెండు ముఖాలూ ఒకటి కాదు. అయస్కాంతపు ముఖం సెన్సర్ వైపే ఉండాలి. లేత్ షాపులో ప్రెస్సు కింద పెట్టి కొట్టేటప్పుడు తిరగేసి ఎక్కించినా అది చక్కగానే కూర్చుంటుంది, చప్పుడు లేకుండా తిరుగుతుంది, సెన్సరుకు మాత్రం ఏమీ కనిపించదు. పాత బేరింగ్ పారేయకుండా ఉంటే దాని రెండు ముఖాల మీదా ఒక కాగితం పరచి ఇనుప రజను చల్లి చూడండి. అయస్కాంతం ఉన్న వైపు రజను సన్నని చారలుగా నిలబడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న పెద్ద స్కానర్ ఉన్న వర్క్‌షాపుకు వెళ్లాను. ముందు ఎడమ చక్రం సెన్సర్ నుండి సంకేతం లేదని కోడ్ వచ్చింది. ములుగు రోడ్డు మీద నడుపుతూ పక్క సీటులోని కుర్రవాడితో తెరను చదివించాను: మూడు చక్రాలు 24, 24, 25, ముందు ఎడమది సున్నా. సెన్సర్ మొన తుడిచాము, కప్లర్ పిన్నులు చూశాము, వైరు ఎక్కడా తెగలేదు. సున్నా సున్నాగానే ఉంది.

పాత బేరింగ్ మా ఇంటి సజ్జ మీదే దొరికింది. లేత్ షాపు నుండి చిటికెడు రజను తెచ్చి చల్లితే, గోధుమ రంగు సీలు ఉన్న వైపు దువ్వెన పళ్లలా వరుసగా నిలబడింది, రెండో వైపు ఊరికే జారిపోయింది. సెన్సర్ రంధ్రంలో టార్చి వేసి చూస్తే ఇప్పుడున్న బేరింగ్ నున్నని ఇనుప ముఖం కనిపిస్తోంది. ఇక దీన్ని తీసి తిప్పి పెడితే సరిపోతుందా?

సమాధానం (కరీంనగర్ నుండి, ఆటో ఎలక్ట్రీషియన్)

సరిపోదు. ప్రెస్సు చేసి ఎక్కించిన బేరింగును బయటకు తీసేటప్పుడు ఆ బలమంతా లోపలి గుండ్ల మీద పడుతుంది. తిరిగి వాడితే కొద్ది నెలల్లోనే హోరు మొదలవుతుంది. కొత్తదే వేయించాలి. ఎక్కించే ముందు రజనుతోనో, సన్నని గుండుసూదితోనో అయస్కాంతపు ముఖం ఏదో మీ కళ్లతో చూసి, దాని మీద పెన్నుతో గుర్తు పెట్టించండి. ఆ ముఖానికి సుత్తి దెబ్బ గాని, స్పీకర్ అయస్కాంతం గాని తగలనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు పని పూర్తయింది. మెకానిక్ తప్పు ఒప్పుకొని కూలి తీసుకోలేదు; బేరింగ్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇంజను వేయగానే దీపం వెలిగి ఆరింది. కోడ్ చెరిపించి హంటర్ రోడ్డు మీదుగా 40 వేగంతో తిరిగి వచ్చాను, మళ్లీ వెలగలేదు. తెర మీద నాలుగు అంకెలూ కలిసి కదులుతున్నాయి.