లగునిటాస్ ఐపీఏ: హైనెకెన్ కొన్నాక కూడా మన పిక్నిక్‌లో ఉండాలా?

తోటమాలి (సన్నీవేల్):
మా శనివారం క్రికెట్ జట్టు వేసవి పిక్నిక్‌కి ఎప్పుడూ లగునిటాస్ కంపెనీ ఐపీఏ (ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు) తెచ్చుకుంటాం. అది తయారయ్యే పెటలూమా మన కాలిఫోర్నియాలోనే, మన ఊరి సరుకు లాంటిది. ఈసారి ఒక మిత్రుడు అడ్డం తిరిగాడు. 2015లో సగం వాటా, 2017లో మిగతా సగం నెదర్లాండ్స్ బీరు కంపెనీ హైనెకెన్‌కు వెళ్ళిపోయాయి కాబట్టి ముట్టుకోనంటున్నాడు. రుచి నచ్చితే తాగడానికి యజమాని ఎవరైతే ఏమిటి? మీ మాట చెప్పండి.

చలిగాలి (చికాగో):
మీ మిత్రుడు చెప్పింది నిజం. క్రాఫ్ట్ బ్రూవరీ, అంటే చిన్న స్వతంత్ర బీరు తయారీ సంస్థ, అనిపించుకోవాలంటే అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ పెట్టిన నియమం ఉంది: ఏడాదికి 60 లక్షల బ్యారెళ్ళు మించకూడదు, క్రాఫ్ట్ బ్రూవరీ కాని మద్యం కంపెనీ వాటా 25 శాతం లోపే ఉండాలి. ఇక్కడ 100 శాతం బయటివాళ్ళదే. మా ఊళ్ళో గూస్ ఐలాండ్ బ్రూవరీని 2011లో పెద్ద బీరు కంపెనీ ఆన్‌హైజర్-బుష్ కొన్నప్పుడూ 'ఏమీ మారదు' అన్నారు. సీసా మీద పాత బొమ్మ, లోపల కొత్త యజమాని. చిన్నవాళ్ళను ఆదుకుంటున్నామని మనం అనుకుంటాం, లాభం ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్తుంది.

హాప్ పిచ్చి:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. పెట్టె మీద తేదీ చూశారా? ఐపీఏకి ప్రాణం హాప్ పువ్వు. మరిగేటప్పుడు మొదట్లో వేస్తే చేదు దిగుతుంది, చివర్లోనో పులిసిన తర్వాతో వేస్తే వాసన వస్తుంది. ఆ నారింజ తొక్క వాసన, దేవదారు వాసన మొదట పోతాయి. వెచ్చటి కొట్టులో నెలల తరబడి నిలబడిన సీసాలో చేదొక్కటే మిగులుతుంది. యజమాని ఎవరైనా, పాతది పాతదే.

బాపట్ల బుల్లోడు:
కాకరకాయ వేపుడు పక్కకు నెట్టేసేవాళ్ళంతా ఐపీఏ గురించి వాదించడమా!

ఆవకాయ (న్యూజెర్సీ):
చలిగాలి గారూ, లగునిటాస్‌ను టోనీ మేగీ 1993లో మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా నడిపాక అమ్ముకున్నాడు. తన చెమట తాను అమ్ముకుంటే మనకేమిటి? అసలు ఐపీఏ చరిత్రే తీయండి. లండన్‌లో హాడ్జ్‌సన్ అనే బీరు తయారీదారు దీన్ని మన దేశం కోసం కనిపెట్టి...

పాత పుస్తకాలు:
ఆగండి. హాడ్జ్‌సన్ కనిపెట్టలేదు. ఆయన బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకు దగ్గర. కెప్టెన్లకు అప్పు మీద సరుకిచ్చి మద్రాసు, కలకత్తా వ్యాపారం పట్టాడు. 1820లలో ఇంగ్లండ్‌లోనే బర్టన్ ఊరి బీరు తయారీదారులు ఆ వ్యాపారాన్ని లాక్కున్నారు. మన దేశంలో దొరలు పేల్ ఏల్ తాగితే, తెల్ల సిపాయిలు ఎక్కువగా పోర్టర్ అనే నల్లటి బీరే తాగారు.

ఆవకాయ:
ఇంకా మంచిది! ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పేరు తెచ్చుకున్న బీరుకు హైనెకెన్ తగిలితే మైల పడుతుందా?

చలిగాలి:
వెటకారం సరే. చికాగోలో 2014లో తెరిచిన లగునిటాస్ బ్రూవరీని 2024లో మూసి, తయారీ అంతా పెటలూమాకు తరలించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ బ్రూవరీని 2017లో జపాన్ బీరు కంపెనీ సపోరో కొంది, 2023లో తాళం పడింది. 1975లోనే క్యాస్కేడ్ అనే అమెరికా రకం హాప్‌తో లిబర్టీ ఏల్ అనే బీరు చేసిన బ్రూవరీ అది. అమ్ముడుపోయినవాళ్ళకు డబ్బు, పనిచేసినవాళ్ళకు రోడ్డు.

ఆవకాయ:
ఎవరికీ అమ్మని బ్రూవరీలు మూతపడటం లేదా? 'అమ్ముడుపోయినవాళ్ళు' అన్న మాట మర్యాదగా వెనక్కి తీసుకోండి.

చలిగాలి:
తీసుకోను. మీకెందుకంత నొప్పి?

ఆవకాయ:
ఎందుకంటే నేనూ అమ్మాను. పచ్చళ్ళు, పొడులు. మా ఆవిడా నేనూ గ్యారేజీలో మొదలుపెట్టాం. నడుము పోయింది, పిల్లల కాలేజీ ఫీజులు నెత్తిన పడ్డాయి. పెద్ద కంపెనీ మంచి ధర ఇచ్చింది. ఆ మర్నాటి నుంచి గుడిలో కూడా ఒకరిద్దరు 'రుచి మారింది' అన్నారు. అదే నూనె, అదే కారం, అదే వంటావిడ!

హాప్ పిచ్చి:
పచ్చడికి తేదీ అంత ముఖ్యం కాదు. ఐపీఏకి ముఖ్యం.

చలిగాలి:
ఆవకాయ గారూ, నేను అవతలి గట్టున ఉన్నవాణ్ణి. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినప్పుడు జీతం తక్కువైనా ఒప్పుకున్నాను, 'మనదే కదా' అన్నారు కాబట్టి. దాన్ని అమ్మేసిన సంగతి మాకు ఈమెయిల్‌లో తెలిసింది. తర్వాత నా ఉద్యోగం పోయింది, దాంతో పాటు వీసా గడువు తరుముకొచ్చింది. స్థాపకుడు తెలుగువాడే. ఇప్పటికీ సంక్రాంతి శుభాకాంక్షలు పంపుతాడు. బీరు ఎవరు తాగినా నాకు పట్టదు. మీరు అమ్మినప్పుడు మీ దగ్గర పనిచేసినవాళ్ళకు ఏమిచ్చారు, అది చెప్పండి.

ఆవకాయ:
మొదటి నుంచి ఉన్న ఇద్దరికి ఇచ్చాను. మిగతావాళ్ళు గంటల లెక్కన పనిచేశారు, గంటల లెక్కన తీసుకున్నారు. నష్టం వచ్చిన నెలల్లో వాళ్ళెవరూ నాతో పంచుకోలేదు.

చలిగాలి:
పంచుకోమని అడిగారా?

ఆవకాయ:
మీ యజమాని మీద కోపం నా మీద తీర్చుకోకండి.

బాపట్ల బుల్లోడు:
బీరు వేడెక్కిపోతోంది బాబూ.

తోటమాలి:
కొట్టుకు వెళ్ళి వచ్చాను. లగునిటాస్ పెట్టె మీద తేదీ పాతబడి ఉంది. సియెర్రా నెవాడా బ్రూవరీ బీరు తీసుకున్నాను, ఆ బ్రూవరీ ఇంకా స్థాపించిన కుటుంబం చేతిలోనే ఉందట కాబట్టి మా మిత్రుడూ తాగుతాడు.

హాప్ పిచ్చి:
దాని తేదీ ఎంత?