వెజిటేరియన్లకి సరిపోయే వెయిట్ లాస్ ప్లాన్ నిజంగా ఉందా, లేక చికెన్ తీసేసి ఇవ్వడమేనా?

ఆకలిపిల్లి:
అందరికీ నమస్తే. నేను మొదట్నుంచీ వెజ్, గుడ్డు కూడా తినను, పాలు పెరుగు చీజ్ తింటాను. వయసు 34, హైట్ 160, వెయిట్ 78. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, సాయంత్రం ఓ అరగంట నడుస్తా అంతే. ఈ మధ్య రెండు ప్లాన్లు ట్రై చేశా, రెండూ అటకెక్కాయి.

మొదటిది ఒక యాప్‌లో డబ్బులు కట్టి మరీ తీసుకున్నది. వెజిటేరియన్ అని టిక్ పెట్టా కూడా. వచ్చిన ప్లాన్ ఓపెన్ చేస్తే మంగళవారం లంచ్ "గ్రిల్డ్ చికెన్ సలాడ్ (చికెన్ లేకుండా)". జోక్ కాదు, బ్రాకెట్‌తో సహా అలాగే ఉంది. అంటే ఇంకేం మిగిలింది, ఆకులు, కీరా, నిమ్మరసం. నాలుగింటికల్లా నీరసం, ఆరింటికి ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేసేదాన్ని. పదకొండు రోజులు చేసి వదిలేశా.

రెండోది ఫ్రెండ్ ఇచ్చింది. తను నాన్‌వెజ్, నాలుగు నెలల్లో 9 కిలోలు తగ్గింది, నా కళ్ళతో చూశా. చికెన్ ఉన్న చోటల్లా చీజ్ వేసుకోవే, రెండూ ప్రోటీనే కదా అంది. సరే అని తూచి మరీ అంతే గ్రాములు వేసుకున్నా. ఆరు వారాలకి కిలోన్నర పెరిగా!! ఇప్పుడు అదేమో నేను చాటుగా ఏదో తింటున్నానని అనుకుంటోంది, మొహం మీద అనలేదు గానీ అర్థమవుతుంది కదా.

థైరాయిడ్, షుగర్ టెస్టులు చేయించా, నార్మల్. లో కార్బ్ (పిండిపదార్థాలు తగ్గించి తినడం) చేద్దామంటే మనం తినేదంతా కార్బే. మనలాంటి వాళ్ళ కోసమే తయారుచేసిన ప్లాన్ ఎవరైనా ఫాలో అయ్యారా? మంచి ప్లానో కాదో డబ్బులు కట్టకముందే ఎలా కనిపెట్టాలి?

తూకంరాయి:
మీరు చాటుగా ఏమీ తినలేదండీ, ఆ చీజే తినేసింది మిమ్మల్ని. వండిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకి దాదాపు 165 కేలరీలు, ప్రోటీన్ 31 గ్రాములు. చెడ్డార్ లాంటి గట్టి చీజ్ అదే 100 గ్రాములకి 400 కేలరీలు, ప్రోటీన్ ఓ 25, మిగతా కేలరీలన్నీ దాదాపు కొవ్వువే. మీ ఫ్రెండ్ రోజుకి 150 గ్రాములు చికెన్ తింటే తనకి 250 కేలరీలు, అదే 150 గ్రాముల చీజ్‌తో మీకు 600. రోజుకి 350 ఎక్కువ, ఆరు వారాలు! ప్లాన్‌లో తగ్గించిందంతా అక్కడే తిరిగొచ్చేసింది, పైగా వడ్డీతో.

మనకున్న చిక్కల్లా ఏంటంటే వెజ్‌లో ప్రోటీన్ ఒంటరిగా రాదు, ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వస్తుంది. పప్పులు శనగలు బీన్స్ అయితే కార్బ్‌ని తెస్తాయి, చీజ్ బాదం వేరుశనగ అయితే కొవ్వుని తెస్తాయి. కార్బ్, ప్రోటీన్ గ్రాముకి 4 కేలరీలు, కొవ్వు 9, కాబట్టి ఆ రెండో బ్యాచ్‌తో జాగ్రత్త. పెద్దగా ఎవరినీ వెంట తీసుకురానివి కొన్నే ఉన్నాయి, సోయా చంక్స్ (ఎండువి 100 గ్రాముల్లో 50 గ్రాముల పైనే ప్రోటీన్), కొవ్వు తీసిన గ్రీక్ యోగర్ట్ (నీళ్ళు వడకట్టిన చిక్కటి పెరుగు, 100 గ్రాములకి 10 గ్రాముల ప్రోటీన్, 60 కేలరీలు), ఆ తర్వాత టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది). మామూలు పెరుగులో ప్రోటీన్ మూడున్నర గ్రాములే, అది గుర్తుపెట్టుకోండి, పెరుగు తింటున్నాగా అని చాలామంది అక్కడే పొరబడతారు.

ప్రోటీన్ ఎంత అంటే, మామూలుగా కిలో బరువుకి 0.8 గ్రాము కనీసం అంటారు, బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా 1.2 నుంచి 1.6 దాకా చెప్తారు. ఇప్పటి బరువు మీద కాకుండా హైట్‌కి తగ్గ బరువు మీద లెక్కేసి మీకు ఓ 80-90 గ్రాములు పెట్టుకోండి చాలు. నేనైతే రోజుకి గ్రీక్ యోగర్ట్ 200 గ్రాములు, సోయా 50, టోఫు 150, పచ్చి పప్పు 80 గ్రాములు పెట్టుకుంటా, 80 గ్రాముల ప్రోటీన్ అక్కడే అయిపోతుంది, కేలరీలు 700-750. మీ హైటూ వెయిటూ చూస్తే బరువు కదలకుండా ఉండాలంటే సుమారు 1750-1950 పడుతుంది, 1400-1450 దగ్గర తింటే మిగతా 700లో కూరలు, పండు, అన్నమో బ్రెడ్డో, నూనె అన్నీ సర్దుకోవచ్చు. నేను మార్చింది ఒక్కటే అలవాటు, అన్నంలో పప్పు కలుపుకునేవాణ్ణి, ఇప్పుడు పప్పులో అన్నం కలుపుకుంటున్నా. గిన్నె అదే.

గోడగడియారం:
పై తమ్ముడు లెక్కలన్నీ బానే చెప్పాడు కానీ అసలు దొంగని వదిలేశాడు. నూనె.

నేను 52 ఏళ్ళ మనిషిని, పప్పు టోఫు అన్నీ తూచుకుని తిని రెండు నెలలు గ్రాము తగ్గలేదు. ఒకరోజు చిరాకొచ్చి వంట మొదలెట్టే ముందు నూనె సీసాని కిచెన్ స్కేల్ మీద పెట్టా, 742. రోజూలాగే వండా, కావాలని తగ్గించలేదు, పెంచలేదు, చేతి వాటం ఎలా ఉంటే అలా. అయ్యాక మళ్ళీ పెట్టా, 689. అంటే 53 గ్రాములు, అంటే దగ్గర దగ్గర 480 కేలరీలు, మేం ఇద్దరమే కాబట్టి నా వాటా 240. అదీ ఒక్క పూటకి! నేనేమో యాప్‌లో ఒక స్పూన్ నూనె అని రాసుకుంటున్నా అన్నాళ్ళూ. పెద్ద స్పూన్ నిండుగా అయితే 120 కేలరీలు, అది కూడా తెలీదు నాకు.

సోయా, టోఫు వీటికి రుచి ఉండదు కాబట్టి మనం నూనెలో వేయించి రుచి తెప్పిస్తాం, సోయా అయితే స్పాంజిలా పీల్చేస్తుంది, ఇంక దాంట్లో కొవ్వు లేదని మురిసిపోవడం ఎందుకు? ఇప్పుడు నూనె సీసాలోంచి వంచను, స్పూన్‌తో కొలిచి చిన్న గిన్నెలో పోసుకుని అదే వాడతా, అయిపోతే నీళ్ళు చల్లుతా. మొదటి వారం మా ఆయన మొహం అదోలా పెట్టారు, తర్వాత అలవాటైపోయింది.

బాదం సంగతి కూడా. గుప్పెడు తినండి మంచిది అంటారు కదా, 28 గ్రాములకి 160 కేలరీలు, ప్రోటీన్ 6 గ్రాములే. నా గుప్పెడు తూస్తే 47 వచ్చింది. నా చెయ్యి పెద్దదేమో మరి.

రెండోచెంచా:
వెజ్‌కి లో కార్బ్ కుదరదు అనే మాట ఎవరు పుట్టించారో గానీ నేను చేశా, చేస్తున్నా. 2009లోనే టొరంటో యూనివర్సిటీ వాళ్ళు ఎకో-అట్కిన్స్ అని పూర్తిగా మొక్కల నుంచి వచ్చే తిండితోనే లో కార్బ్ టెస్ట్ చేశారు, సోయా, గోధుమ గ్లూటెన్ (గోధుమలోని ప్రోటీన్), నట్స్ మీద నడిపారు. నాకు మొదటి వారంలోనే 2.6 కిలోలు పోయింది బ్రో, ఏ పప్పన్నం ప్లాన్‌లో పోతుంది అంత?

తూకంరాయి:
బ్రో ఆ 2.6లో ఎక్కువ భాగం నీళ్ళే. కార్బ్ ఆపితే ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ, అదే గ్లైకోజెన్, ఖర్చవుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో ఓ 3 గ్రాముల నీళ్ళు పోతాయి. మళ్ళీ ఒక్కరోజు పెళ్ళి భోజనం చెయ్యి, పోయినవన్నీ చుట్టాల్లా తిరిగొస్తాయి. ఇంక నువ్వు చెప్పిన ఎకో-అట్కిన్స్ స్టడీయే తీసుకో, నాలుగు వారాల్లో లో కార్బ్ వాళ్ళూ, ఎక్కువ కార్బ్ తిన్న వెజ్ వాళ్ళూ ఇద్దరూ సుమారు 4 కిలోలే తగ్గారు. చెడు కొలెస్ట్రాల్ మాత్రం లో కార్బ్ వాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ తగ్గింది, అది ఒప్పుకోవాలి. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందితో ఏడాది పాటు చేశారు, లో ఫ్యాట్ వాళ్ళు సగటున 5.3 కిలోలు, లో కార్బ్ వాళ్ళు 6, చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు.

రెండోచెంచా:
సరే నీళ్ళే అనుకో, ఆ తర్వాత ఐదు నెలల్లో ఇంకో 7 పోయాయి, అవి కూడా నీళ్ళేనా? 😄 నాకు ఆకలి వేయట్లేదు, అది నాకు ముఖ్యం. కాకపోతే ఒకటి నిజం చెప్పాలి, ఆవిడలా గుడ్డు కూడా తినకుండా మరీ 50 గ్రాముల లోపు కార్బ్ అంటే పప్పులు కూడా మానేయాలి, ఇంక చీజ్, టోఫు, నట్స్ తప్ప ఏం మిగలదు, మూడో వారానికి నాకే మొహం మొత్తింది. అందుకే నేను ఇప్పుడు 100-120 దగ్గర ఉంటున్నా, పప్పు తింటున్నా, అన్నం మానేశా.

తూకంరాయి:
అంటే నువ్వు కూడా పప్పు ప్లానే.

చిన్నఅడుగు:
హాయ్ సిస్, నేను వీగన్, అంటే పాలు, తేనె కూడా ముట్టను. ప్లాన్ ఎలా కనిపెట్టాలి అని అడిగారు కదా, అందరూ తిండి మీద పడిపోయి ఆ మాట మర్చిపోయారు. నేను మూడు ప్లాన్లకి డబ్బులు తగలేశాక నేర్చుకున్నది చెప్తా.

కట్టకముందే ఒక వారం శాంపిల్ అడగండి, ఇవ్వనంటే అక్కడితో వదిలేయండి. ఇస్తే ముందు కేలరీలు చూడకండి, రోజుకి ప్రోటీన్ ఎన్ని గ్రాములు అని రాశారో చూడండి, చాలా వాటిల్లో అసలు రాయరు. ఆ తర్వాత ఏడు డిన్నర్లు వరుసగా చదవండి, ఒక్కో దాంట్లో ప్రోటీన్ ఇచ్చే వస్తువు మీద వేలు పెట్టి చూపించగలగాలి. వెజ్ సూప్, సలాడ్, వేయించిన కూరలు అని ఉంటే వేలు ఎక్కడ పెడతారు? అదే "చికెన్ లేకుండా" బాపతు. ఇంకోటి, కొందరి లెక్కలో వెజ్ అంటే గుడ్డు తింటారనే, నాకు ఒకరు వీగన్ అని రాసిన ప్లాన్‌లో తేనె, వే ప్రోటీన్ పెట్టారు, వే పాలల్లోంచి వస్తుందని వాళ్ళకి నేను చెప్పాల్సొచ్చింది. వెయిట్ వాచర్స్ అని బరువు తగ్గే ప్రోగ్రామ్ ఉంది కదా (మధ్యలో డబ్ల్యూడబ్ల్యూ అని పేరు మార్చారు), వాళ్ళ పాయింట్ల పద్ధతిలో బీన్స్, పప్పులు, టోఫు చాలామందికి జీరో పాయింట్లే, అంటే లెక్కలోకి రావు, అలాంటివి మనకి కొంచెం నయం, ఎందుకంటే చికెన్ తీసేసి ఖాళీ పెట్టడం కాకుండా మనం తినేవాటికి లోపల చోటుంది.

మరీ తక్కువ కేలరీలు ఇచ్చేవాటి జోలికి మాత్రం వెళ్ళొద్దు. నేను 900తో పది వారాలు ఉన్నా, 11 కిలోలు తగ్గా, అందరూ ఆహా అన్నారు, మూడో నెలలో తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. టెస్టు చేయిస్తే ఐరన్, బి12 రెండూ పాతాళంలో ఉన్నాయి. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ఛాన్స్ కూడా పెరుగుతుందని అప్పుడు డాక్టర్ చెప్పారు. వారానికి అర కిలో నుంచి కిలో, అంతకంటే ఆశపడొద్దు. బి12 పెద్దవాళ్ళకి రోజుకి 2.4 మైక్రోగ్రాములు కావాలి, మొక్కల్లో నమ్ముకోదగ్గట్టు దొరకదు, మీకు పాల నుంచి కొంత వస్తుంది కానీ తిండి తగ్గిస్తే అదీ తగ్గుతుంది కదా, మీరు ఎలాగూ టెస్టులు చేయించారు కాబట్టి బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే టెస్ట్) కూడా ఓసారి చూపించుకోండి. పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి, ఐరన్ బాగా పడుతుంది. టీ కాఫీ తిన్న వెంటనే కాకుండా గంట ఆగి తాగండి, నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

ఆకలిపిల్లి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆ యాప్ ప్లాన్ మళ్ళీ తెరిచి ప్రోటీన్ అంతా కూడి చూశా, మంగళవారం మొత్తానికి 34 గ్రాములు. ఆ బిస్కెట్లు ఊరికే తినలేదన్నమాట నేను. చీజ్ లెక్క ఫ్రెండ్‌కి ఫార్వర్డ్ చేశా, సారీ చెప్పింది, ఇంక దానితో గొడవ లేదు.

నాలుగు రోజుల నుంచి పప్పులో అన్నం కలుపుకుంటున్నా, సాయంత్రం ఆకలి నిజంగానే తగ్గింది. కానీ ఒక ఇబ్బంది, ఎలా చెప్పాలో తెలీట్లేదు, శనగలు బీన్స్ తింటే ఆఫీస్‌లో పొట్ట ఉబ్బిపోయి కూర్చోలేకపోతున్నా. ఏం చేయాలి?

గోడగడియారం:
సిగ్గెందుకమ్మా, అందరి పొట్టా అంతే. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించు. ఒకేసారి గిన్నెడు కాకుండా మొదటి వారం నాలుగు స్పూన్లు, తర్వాత కొంచెం కొంచెం పెంచు, రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది. అప్పటిదాకా ఆఫీస్ రోజుల్లో టోఫు, పెరుగు పెట్టుకో, శనగలు సెలవు రోజుకి. నీళ్ళు బాగా తాగు.

ఇంతకీ సీసా తూచావా?

ఆకలిపిల్లి:
తూచానండీ. 61. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను 🙈