నాము (లేత జొన్న పిలకల్లోని విషం) మేసి రెండు ఆవులు పోయాయి. తప్పు మాదా, చేనుగలాయనదా?

నల్లరేగడి (నంద్యాల జిల్లా):
సోమవారం మా ఆవులు పక్క చేలో జొన్న మోళ్లకు వచ్చిన పిలకలు మేశాయి. అవి మోకాలెత్తు కూడా లేవు. అరగంట తిరక్కుండానే రెండు ఆవులు వణికి, నురగ కక్కుతూ పడిపోయాయి. డాక్టరు వచ్చేసరికి ఒకటి పోయింది, రెండోది ఆయన కళ్లముందే పోయింది. కోస్తే రక్తం నల్లబడకుండా ఎర్రగా మెరుస్తోంది. నాము అన్నారు. కోతయ్యాక దున్నకుండా వదిలేసిన వాళ్లకు బాధ్యత లేదా?

మేతబండి:
అన్నా, ఆవులు పోవడం బాధే. కానీ బెట్టకొచ్చిన లేత జొన్నలో, పిలకల్లో సైనైడు ఉంటుందని పశువులున్న ప్రతి ఇంటికీ తెలుసు. పూత దాటితే తగ్గుతుంది, కోసి ఎండబెడితే ఇంకా తగ్గుతుంది. అసలు ఆ చేలోకి ఎందుకు తోలావు?

గంగమ్మ పాడి:
వెంటనే బెల్లం నీళ్లు తాగిస్తే బతికేవి.

పల్లె పశువైద్యుడు:
అమ్మా, పడిపోయిన పశువుకు ఏదీ తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించాలి. అది నిమిషాల్లో జరగాలి. లక్షణం కనబడగానే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

గంగమ్మ పాడి:
మా గేదె బెల్లంతోనే బతికింది. నేను కళ్లారా చూశాను.

పల్లె పశువైద్యుడు:
తక్కువ మేసిన పశువు వైద్యం లేకున్నా తేరుకోవచ్చు.

రాయలసీమ కుర్రోడు:
ఇన్సూరెన్స్ ఉంటే చెవి ట్యాగు తీయకండి. పూడ్చేముందే పోస్టుమార్టం రిపోర్టు అడగండి.

గంగమ్మ పాడి:
మా గేదె తక్కువ మేసిందని మీకెవరు చెప్పారు?

నల్లరేగడి:
మేతబండి తమ్ముడూ, ఎందుకు తోలావంటావా? మా నాన్న కాలం నుంచీ కోతయ్యాక ఊరి పశువులన్నీ ఆ చేలోనే మేస్తాయి. కంచె లేదు. ఎవరూ వద్దనలేదు. ఈసారి వానలేక పిలకలు గిడసబారాయని ఆయన రోజూ చూస్తున్నాడు. ఒక్క మాట చెబితే మా ఆవులు ఇంట్లో ఉండేవి.

మేతబండి:
చెప్పలేదని నిందిస్తున్నావు గానీ, అడిగావా? నాకూ రెండెకరాలుంది. కోతయ్యాక పిలకలకు నీళ్లు పెట్టి మేతగా అమ్ముకుంటాను. పోయినేడు ఊరి పశువులు పడి మొత్తం తినేశాయి, ఒక్కరూ రూపాయి ఇవ్వలేదు. కోసినంత మాత్రాన చేను ఊరిదైపోతుందా? పాస్‌బుక్కు నా పేరున ఉంది, శిస్తు మా తాత కట్టాడు.

నల్లరేగడి:
ఇదీ అసలు మాట. మా పేడంతా ఆ చేలకే పోయింది కదా. అప్పుడు ఎవరి చేను అని అడగలేదే! సెంటు భూమి లేనివాళ్లు ఆవును ఎక్కడ మేపాలి?

మేతబండి:
అది నన్ను అడిగితే ఎలా అన్నా? పంచాయతీలో అడుగు.

నల్లరేగడి:
అడుగుతాను. డాక్టరు గారూ, చనిపోయిన ఒక ఆవుకు మూడు వారాల దూడ ఉంది. రాత్రంతా గాటి దగ్గర అరుస్తూనే ఉంది. సీసాతో ఎన్ని పాలు పట్టాలి?

పల్లె పశువైద్యుడు:
దాని బరువులో పదో వంతు, రోజంతటికీ. ఒకేసారి కాదు, రెండు మూడు విడతలుగా, గోరువెచ్చగా పట్టండి. తల మరీ పైకెత్తకండి.