నీళ్లలో కణాలు గడ్డకడతాయా, గుమిగూడతాయా?

ఒక చిన్న సైన్స్ వ్యాసం రాస్తూ ఒక్క క్రియాపదం దగ్గర ఆగిపోయానండీ. టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ లాంటి లోహ ఆక్సైడ్ల నానో కణాలు (100 నానోమీటర్ల లోపువి) నీళ్లలో వేస్తే ఎక్కువసేపు విడివిడిగా ఉండవు, ఒకదానికొకటి అంటుకుని పెద్దవై అడుగుకు దిగిపోతాయి. "నీళ్లలో కణాలు గడ్డకడతాయి" అని రాస్తే, చదివిన మా చెల్లి "అంత చల్లటి నీళ్లా?" అంది. గుమిగూడతాయి అందామా, ఉండకడతాయి అందామా?

జవాబు: పుస్తకాల్లో స్కందనం అని ఉంది కదండీ. రక్తస్కందనం అందరికీ తెలిసిన మాటే.

జవాబు: తెలిసిందే, కానీ వినగానే రక్తమే గుర్తొస్తుంది, అదీ చిక్కు. కొల్లాయిడ్‌కి (పాలలాగా సన్నటి కణాలు కరగకుండా ద్రవమంతా పరుచుకున్న మిశ్రమానికి) కాంజికాభం అని పెట్టిన వాళ్లు కూడా ఇంతే. కాంజికం అంటే గంజే, పోలిక ఇంట్లోదే, దాన్ని తీసుకెళ్లి సంస్కృతంలో దాచేశారు. రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రేహమ్ 1861లో కొల్లాయిడ్ అన్నది జిగురుకున్న గ్రీకు మాట నుంచి.

జవాబు: మాట తర్వాత, ముందు అక్కడ జరిగేది చూద్దాం. ఆక్సైడ్ కణం ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గుంపులు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జతలు) ఉంటాయి. నీళ్లలో ఆమ్లం ఎక్కువైతే అవి ప్రోటాన్ పుచ్చుకుని ధనావేశం తెచ్చుకుంటాయి, క్షారం ఎక్కువైతే ప్రోటాన్ వదిలేసి రుణావేశంలోకి వెళ్తాయి. మధ్యలో ఒక పీహెచ్ (ఆమ్ల, క్షారాల కొలత) దగ్గర మొత్తం ఆవేశం సున్నా. టైటానియం డయాక్సైడ్‌కి అది సుమారు 6, అల్యూమినాకి (అల్యూమినియం ఆక్సైడ్) సుమారు 9. ఆవేశం గట్టిగా ఉన్నంతసేపూ కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, సున్నా దగ్గరికొచ్చేసరికి ఆ నెట్టుడు పోయి, నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ తిరుగుతూ గుద్దుకున్నప్పుడల్లా వాన్‌డర్‌వాల్స్ బలాలకి (బాగా దగ్గరికొచ్చినప్పుడు పనిచేసే బలహీనమైన ఆకర్షణకి) దొరికిపోతాయి. ఉప్పు కలిపినా అంతే, అయాన్లు ఆవేశాన్ని కప్పేస్తాయి, అందులోనూ సోడియం కన్నా కాల్షియం చాలా తక్కువ మోతాదులోనే ఆ పని చేస్తుంది. కాబట్టి గుమిగూడడం నాకు నచ్చలేదు. గుమిగూడేవాళ్లు ఏదో చూద్దామని వస్తారు, వీటికి ఏ ఉద్దేశమూ లేదు, దారిలో తగిలి అతుక్కుపోయాయంతే.

జవాబు: అయినా గుమిగూడడాన్ని పూర్తిగా కొట్టేయకండి! నానో రంగంలో రెండు మాటలున్నాయి. బలహీనంగా అంటుకుని, అల్ట్రాసౌండ్ పెడితే విడిపోయేది అగ్లామరేట్. కాల్చినప్పుడో మరెక్కడో ఒకదాన్లో ఒకటి కలిసిపోయి, ఎంత కదిపినా విడిపోనిది అగ్రిగేట్. ఇంగ్లీషులో రాసేవాళ్లే ఈ రెంటినీ కలిపేస్తుంటారు లెండి. విడిపోగలదానికి గుమి, విడిపోనిదానికి ముద్ద అంటే మనకి తేడా తెలుస్తుంది.

జవాబు: ముద్ద సరే, ఉండ మాత్రం వద్దండీ. ఉండ అనగానే గుండ్రంగా, నిండుగా ఉన్నదే కళ్ల ముందుకొస్తుంది. మైక్రోస్కోపులో ఇవి అలా ఉండవు, కొమ్మలు కొమ్మలుగా, మధ్యలో నీళ్లు నిండిన ఖాళీలతో, పీకిన దూదిలా ఉంటాయి. తగిలిన ప్రతిసారీ అతుక్కుంటే ఇంకా డొల్లగా, చాలాసార్లు తగిలాక ఎప్పుడో అతుక్కుంటే కాస్త దట్టంగా. ఇంగ్లీషులో ఫ్లాక్ అనేది ఉన్ని పోగుకున్న లాటిన్ మాట నుంచే వచ్చింది. మనకి దూదిపింజ ఉండగా వేరే మాట వెతకడమెందుకు? "కణాలు పింజలు కడతాయి" అనండి. మురికినీళ్లలో పటిక వేసినప్పుడు తేలే తెల్లటి తునకలకి కూడా ఇదే మాట పనికొస్తుంది.

జవాబు: పింజలు కట్టడం ఎవరైనా వాడారా అసలు?

జవాబు: మబ్బులు పింజలు పింజలుగా ఉన్నాయని అంటాం కదండీ. కట్టడం నేను తగిలించాను, ఒప్పుకుంటాను.

అందరికీ థాంక్సండీ. ఇలా మార్చాను, తప్పుంటే చెప్పండి: "పీహెచ్ 6 దగ్గర టైటానియం డయాక్సైడ్ కణాల ఆవేశం దాదాపు సున్నా అవుతుంది, అప్పుడవి తగిలినచోటల్లా అతుక్కుని పింజలు కట్టి, మెల్లగా అడుగుకు దిగుతాయి." మా చెల్లికి పంపాను. ఈసారి చలి సంగతి అడగలేదు, "పింజలంటే తెల్లగానే ఉంటాయా? ఐరన్ ఆక్సైడ్ ఎర్రగా ఉంటుందిగా" అంది.